సారు ఆపిన గడియారం

వనపర్తి బడి పిల్లలకూ గద్వాల పిల్లలకూ ఫుట్‌బాల్ పోటీ. మా తరఫున గోలు కొట్టింది పక్కింటి బుగ్గమ్మ కొడుకు. అందరూ వాణ్నే మెచ్చుకుంటుండ్రు, అదే జట్టుల ఆడుతున్న నా కొడుకు నాగప్ప పేరు ఒక్కరన్న ఎత్తలే. నా కడుపు మండింది.

ఆట ముగిసే వేళకు నాగప్ప కాలు పట్టుకొని పడ్డడు. కాలు విరిగిందని ఏడ్చుకుంట ఉరికిన.

"ఏం కాలె అమ్మా, జర టైం పోనీ. మనమే గెలుస్తం," అని గుసగుసలాడిండు.

ఆట నడిపే సారు గడియారం చూపిండు. "నువ్వు పడంగనే దీన్ని ఆపిన. రేపటిదాక పండుకో బిడ్డా!"

జనం ఒకటే నవ్వుడు.

"దవాఖానకు బండి కట్టమందునా అక్కా?" అన్నది బుగ్గమ్మ.

లేపనీకి నేను చెయ్యి చాపిన. నాగప్ప మాత్రం బుగ్గమ్మ కొడుకు చెయ్యి పట్టుకొని లేచిండు.