రెండు సెకన్ల సందు

ఆదివారం చర్చి నుంచి రాగానే జయరాజు చేసే పని ఒకటే. తెల్లచొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, కళ్ళద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ తీసుకుని, బీరువా ముందు పీట వేసుకుని కూర్చుంటాడు. అందులో అరవై ఒక్క సీడీలున్నాయి. అన్నీ పాత ఇంగ్లీషు రాక్ ఆల్బమ్‌లే. నంద్యాల హాస్టల్లో చదువుకునేటప్పుడు అరువు క్యాసెట్లలో విని పిచ్చెక్కి, ఆళ్ళగడ్డలో మైకుసెట్టు పెట్టి నిలదొక్కుకున్నాక కర్నూలూ హైదరాబాదూ తిరిగి ఒక్కొక్కటే కొన్నాడు. ఒక్కోదాన్ని మధ్యలోంచి అంచుకు తుడుస్తాడు. గుండ్రంగా తుడిస్తే గీతలు పడతాయట. ఆ వీధిలో ఆ పాటల్లో ఒక్క ముక్క అర్థమయ్యేవాళ్ళు లేరు. అయినా ఆ సీడీల సంగతి తెలియని ఇల్లూ లేదు.

వాళ్ళకు కావలసింది పాటలు కాదు, పాటకూ పాటకూ మధ్య ఉండే సందు. ఒక పాట ముగిసి ఇంకోటి మొదలయ్యే ముందు రెండు సెకన్ల నిశ్శబ్దం ఉంటుంది. జయరాజు ఇంట్లో ఆ రెండు సెకన్లలో ఎవరి కడుపులో మాట వాళ్ళ నోట్లోంచి వచ్చేస్తుంది. ఆపుకుందామన్నా ఆగదు. ఇదేం విడ్డూరమని ఎవరూ అడగలేదు. బావిలో నీళ్ళెందుకున్నాయని ఎవరడుగుతారు? ఒకసారి పాణ్యం ఆదినారాయణ ఇక్కడే కూర్చుని బర్రె బేరమాడుతూ, పాట ఆగగానే "ఒక చన్ను ఎండిపోయింద్యా" అనేశాడు. అయినా బర్రె అమ్ముడుపోయింది, ఉన్నదున్నట్టు చెప్పినాడని. అప్పట్నుంచీ పెళ్ళి సంబంధమైనా, భాగస్వామ్యమైనా, "పాట ఇనిపిచ్చుకొని పోదాం పా" అని రావడం వీధికి అలవాటైంది.

దానికొక కట్టుబాటు కూడా ఉంది. పాట వేసేవాడు తన సొంత గోల మధ్యలో దూర్చకూడదు. అందుకని పాట చివరికొచ్చేసరికి జయరాజు ఇత్తడి చెంబెత్తి నోటినిండా నీళ్ళు పడతాడు. రెండో పాట మొదలయ్యాక మింగుతాడు. ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు కూడా ఆ అలవాటు పోలేదు. నిర్మల మాత్రం పాతికేళ్ళుగా ప్రతి సందులోనూ "పాలు తోడెయ్యల్యా" లాంటి మాటలే అంటుంది. "నా కడుపులో ఏముందో ఊరందరికీ తెలుసు. నీ కడుపులో ఏముందో నాకే తెల్దు" అని అప్పుడప్పుడు దెప్పుతుంది కూడా.

ఆయన కడుపులో రెండు నెలలుగా ఒక మాట ఉంది.

శిల్పుల వీధిలో ఉలి చప్పుడు వినపడక, వాళ్ళు సెలవు తీసుకున్నారేమో అనుకున్నాడు మొదట. వారం దాటినా సెలవు తీరలేదు. ఏదో సామాను కొనాలని చెప్పి నంద్యాల పోయి చెవుల డాక్టరుకు చూపించుకున్నాడు. రెండు చెవుల్లోనూ లోపలి చిన్న ఎముక బిగుసుకుపోతోంది, ఆపరేషన్ చేస్తే వినికిడి తిరిగొస్తుంది, ఆలస్యం చేస్తే లోపలి నరమూ దెబ్బతిని ఇక రాదన్నాడాయన. నూటికొకరికి ఉన్నది కూడా పోయే ప్రమాదముందనీ చెప్పాడు. జయరాజుకు మిగతాదంతా మరుపున పడి ఆ నూటికొకరే గుర్తుండిపోయాడు. చెవితో బతికినవాడు. మైకులో సన్నని ఈల వస్తే పందిరి అవతలి నుంచి చెప్పగలిగినవాడు. ఉన్న కాస్తా పోతే? ఎవరికీ చెప్పలేదు. పాటలు ఒకదానికొకటి అతుక్కుని సందే లేని ఆల్బమ్‌లు ఆయన దగ్గర మూడున్నాయి. చెంబు మీద నమ్మకం చాలక, రెండు నెలలుగా వాటినే తిప్పి తిప్పి వేస్తున్నాడు.

ఇంతలో సీడీ ప్లేయర్ మొరాయించింది. దానిమీద అంకెలు చూపే పలక ఎప్పుడో ఆరిపోయింది, ఇప్పుడు లెన్సు కూడా పడుకునేలా ఉంది. సంగతి తెలిసి కూతురు సుష్మ, నంద్యాలలో బ్యాంకు ఉద్యోగం చేసే పిల్ల, ఆదివారం బస్సులో అరచేతి వెడల్పు పెట్టె ఒకటి తెచ్చింది.

"నీ అరవై ఒక్క ఆల్బమ్‌లూ దీంట్లోనే ఉండాయ్ నాయనా. ఇవి ఇరవైనాలుగు బిట్టు ఫైళ్ళు. సీడీ పదహారే."

"ఎక్కువుంటే ఏమైతాది?"

"పాట రికార్డు చేసిన గదిలో గాలి గూడా ఇనపడ్తాది. మల్ల, పాటకూ పాటకూ మధ్య ఖాళీ ల్యాకుండా పెట్టినా."

ఖాళీ లేదనేసరికి జయరాజు ప్రాణం లేచొచ్చింది. వెంటనే సిగ్గూ వేసింది. సుష్మ ఆయన్ని కళ్ళు మూసుకోమని ఒకే పాట రెండుసార్లు వినిపించి, ఏది బాగుందో చెప్పమంది. రెండూ దుప్పటి కప్పుకుని పాడినట్టే ఉన్నాయి. ఏదో ఒకటి చెప్పాలి గదా.

"రెండోదేమ్మా. డ్రమ్ములు బాగా ఇప్పుకొన్యాయి."

"రెండుసార్లూ సీడీనే ఏసినా నాయనా!" సుష్మ పడీపడీ నవ్వింది. "ప్లేయర్ మాదిరి నీ చెవులు గూడా పాతబడినట్టుండాయ్!"

జయరాజు కూడా నవ్వాడు. ఆ నవ్వు ఎంతసేపు నవ్వాలో ఆయనకు తెలియలేదు. వచ్చే ఆదివారంలోగా తేల్చుకోమంది సుష్మ. చెన్నై నుంచి లెన్సు తెప్పించాలా, సీడీలు అటక మీదికెక్కించాలా?

ఆ వారమంతా ఆయనకు ఎటూ పాలుపోలేదు. ఫైళ్ళలో ఎక్కువ పాట ఉందంటారు, ఆ ఎక్కువలో కాస్తయినా చెవిలోకి దిగుతుందేమో. అది వేస్తే ఇక సందుల భయం ఉండదు, చెంబు అక్కర్లేదు. కానీ సీడీలు ఆపేస్తే వీధి ఊరుకుంటుందా? అసలు ఏది బాగుందో తెలియనివాడు దేన్ని ఎంచుకోవాలి? బుధవారం సీడీలు సర్ది అట్టపెట్టెలో పెట్టాడు. గురువారం తీసి మళ్ళీ బీరువాలో పెట్టాడు. శుక్రవారం సగం అక్కడా సగం ఇక్కడా ఉన్నాయి. "ఏ రాయైతే ఏముంది పండ్లు రాలగొట్టుకొనేకి? ఏదో ఒకటి ఇనప్పా" అంది నిర్మల విసుగ్గా.

ఆదివారం పదకొండింటికి పరుపుల కొట్టు ఇమామ్ వచ్చాడు. వెంట అవుకు నుంచి నయీమ్ అని మోటార్ల మెకానిక్కు. ఇమామ్ కూతురు ముబశ్శిరాను నయీమ్ కొడుక్కు అడుగుతున్నారు.

"అన్నా, ఇంగ సీడీలు ఎయ్యవంట గదా. ఇదొక్కటి ఏసి ఆపెయ్. నా బిడ్డ సంగతి" అన్నాడు ఇమామ్.

కాదనడానికి నోరు రాలేదు. సందులు బాగా ఉన్న ఆల్బమే వేయాలి. అది కట్టుబాటు. జయరాజు చెంబు నింపుకుని దగ్గర పెట్టుకున్నాడు. నిర్మల, సుష్మ గోడవార కూర్చున్నారు. లెన్సు రెండుసార్లు కిర్రుమని, మూడోసారి పట్టుకుంది.

ఆ మొదటి పాట ఆయనకు కంఠతా వచ్చు. చివర్లో గిటారు ఒక్కటే మిగిలి, సన్నగా దూరమవుతుంది. గిటారు ఆగింది. జయరాజు చెంబెత్తి నోరు నింపుకున్నాడు. ఒకటి, రెండు లెక్కపెట్టాడు. ఎదురుగా కూర్చున్న నయీమ్ పెదవులు కదల్లేదు. అతని కడుపులో దాపరికమేమీ లేదు కాబోలు, మంచిదే అనుకుని నీళ్ళు మింగేశాడు. రెండో పాట కూడా మెల్లగానే మొదలవుతుంది కనుక ఏమీ వినపడకపోవడం ఆయనకు వింతగా తోచలేదు.

మిగతా నలుగురికీ మాత్రం గిటారు ఇంకా వినపడుతూనే ఉంది. నిర్మల చెంబు వైపు చూసింది, ఆయన మొహం వైపు చూసింది. అప్పుడు ఆగింది పాట.

"ఆకలైతాంది" అన్నాడు నయీమ్.

"ఒక్కతే బిడ్డ" అన్నాడు ఇమామ్.

"పాలు తోడెయ్యల్యా" అంది నిర్మల.

"మూడింటికి బస్సు" అంది సుష్మ.

"నా చెవులు పోతాండాయ్" అన్నాడు జయరాజు.

రెండో పాట మొదలైంది. జయరాజు చెంబు కోసం చెయ్యి చాచాడు. నిర్మల లేచొచ్చి దాన్ని తీసుకుని తన వెనక పెట్టుకుంది. నాలుగు నిమిషాలు అలాగే కూర్చున్నారు. మధ్యలో అడిగితే ఆయన ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాడని ఆమెకు తెలుసు.

పాట ఆగింది. "నంద్యాల డాక్టరు ఆపరేషన్ చెయ్యల్లన్యాడు" అన్నాడు జయరాజు.

మూడో పాట పెద్దది. నయీమ్ ఆకలి మర్చిపోయాడు. సుష్మ తలొంచుకుని కూర్చుంది, పోయిన ఆదివారం నవ్విన నవ్వు గుర్తొచ్చి. అదీ ఆగింది.

"భయమైతాంది" అన్నాడు జయరాజు.

"నాకూ భయమే" అంది నిర్మల, అదే సందులో.

నాలుగో పాట మొదలవకముందే ఆమె లేచి ప్లేయర్ ఆపేసింది. వంగి ఆయన కుడిచెవి దగ్గర నోరు పెట్టి, సందుతో పనిలేకుండా గట్టిగానే చెప్పింది. "బేస్తవారం పొద్దున బస్సుకు పోతాండాం. ఇద్దరం." జయరాజు తలూపాడు. కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికి చేతికి అందింది సీడీలు తుడిచే గుడ్డే.

వెళ్తూ వెళ్తూ నయీమ్ ఇమామ్ భుజం మీద చెయ్యేశాడు. "కడుపులో మాట చెప్పుకొనే ఈది ఇది. ఈడ గాక యాడ చేసుకుంటాం సంబంధం? జల్దీ నిఖా తారీఖు పెట్టు" అన్నాడు. నిర్మల వాళ్ళను అన్నం తినకుండా పోనివ్వలేదు.

ఇంకో నెల ఆలస్యమైతే చేసేదేమీ ఉండేది కాదన్నాడు నంద్యాల డాక్టరు. ముందు కుడిచెవికి చేశారు. కట్టు విప్పిన రోజు ఆళ్ళగడ్డలో బస్సు దిగి నడుస్తుంటే, శిల్పుల వీధిలో ఉలులు టకటకా మోగుతున్నాయి. జయరాజు అక్కడే నిలబడిపోయాడు. "సెలవు అయిపోయినట్టుంది" అన్నాడు. నిర్మలకు అదేమిటో అర్థం కాలేదు.

సుష్మ మళ్ళీ కళ్ళు మూయించింది. ఈసారి నిజంగానే ఒకటి ఫైలు, ఒకటి సీడీ. జయరాజు రెండూ చివరిదాకా విన్నాడు.

"ఇప్పుడు చెప్పు నాయనా. ఏది బాగుంది?"

"తెల్దమ్మా." ఆ మాట ఆయన ఎంత సంతోషంగా అన్నాడంటే సుష్మ ఇంకేమీ అడగలేదు. పెట్టెను మైకుసెట్టు గదిలోకి పంపి, చెన్నైకి లెన్సు కోసం రాశాడు.

లెన్సు వచ్చిన ఆదివారం మధ్యాహ్నం, అన్నాలయ్యాక, ఇంట్లో ఇద్దరే. అదే ఆల్బమ్ వేశాడు. గిటారు ఒక్కటే మిగిలింది. ఇన్నాళ్ళూ ఆగిందనుకున్న చోట ఆగలేదు. ఇంకా పోతూనే ఉంది, సన్నగా, ఇంకా సన్నగా. చెంబు నిండుగా పక్కనే ఉంది. జయరాజు దాన్ని ముట్టుకోలేదు.

పాట ఆగింది.

"కూరలో ఉప్పెక్కువైంది" అన్నాడు.

పాతికేళ్ళలో అలాంటి మాట ఆయన నోట రావడం అదే మొదలు. నిర్మల నవ్వలేదు, కోప్పడలేదు. రెండో పాట మొదలయ్యాక లేచి, ఆయన పక్కనున్న చెంబు తీసుకుని వంటింట్లోకి పోయి, రాత్రికి మిగిల్చిన కూరలో ఆ నీళ్ళు పోసి మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.