కావేరికి పొట్టి పెళ్ళికొడుకు

పొద్దున పాలు పిండేటప్పుడే కావేరి చెంబును తన్నేసింది. ఆ తర్వాత కొట్టంలో ఒకచోట నిలవకుండా తిరుగుతూ, పూతలపట్టు రోడ్డు దాకా వినబడేలా అరవడం మొదలుపెట్టింది. ఆవు ఎదకొచ్చిందని కుప్పయ్యకు అర్థమైంది.

పాడి పెట్టుకున్న మనిషి అందుకు సంతోషపడాలి. కుప్పయ్య మాత్రం దిగులుగా దాని వెన్ను నిమిరాడు. పోయిన కాన్పుకు కావేరికి హెచ్చెఫ్ అనే పెద్ద జాతి సీమ ఎద్దు చూలుసూది వేయించారు. దూడ లోపలే ఏనుగుపిల్లలా పెరిగి అడ్డం పడింది. తాడు కట్టి నలుగురు మగవాళ్ళు గుంజితే బయటికైతే వచ్చింది గానీ బతకలేదు. కావేరి కూడా లేవలేక పడిపోతే దాని తల ఒళ్ళో పెట్టుకుని, "ఈ తడవకు బతుకు తల్లీ, ఇంకోసారి నీకీ కష్టం తేను" అని మాటిచ్చాడు. ఆవు బతికింది. అది ఆ మాట మరిచిపోయి ఉండవచ్చు. పైనుంచి విన్న వెంకటరమణుడు మరిచిపోయి ఉండడు కదా అన్నదే కుప్పయ్య భయం.

కాసేపటికి అతని బామ్మర్ది మునికృష్ణ చూలుసూదుల క్యాను బండికి కట్టుకుని వచ్చాడు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఆవులకు చూలుసూదులు వేసే గోపాలమిత్ర అతనే.

"హెచ్చెఫ్ వెయ్‌రా," అంది అతని అక్క, కుప్పయ్య పెళ్ళాం తిరుమలమ్మ. "పెయ్య పుడితే బిందెలు బిందెలు పాలిస్తాది."

"పుడితే గదా," అన్నాడు కుప్పయ్య. "సులువుగా ఈనేదానికి ఏదన్నా జాతి ఉంటే చెప్పు మునికృష్ణా."

మునికృష్ణ ఫోను తీశాడు. "ఉండాది బావా. సీమదేశాల్లో చిన్న ఆవులకు, తొలిసూరు పెయ్యలకు ఈ ఎద్దుదే వేస్తారంట. దూడ సబ్బు జారినట్టు జారిపడతాదంట. పేరు ఆంగస్. నల్లగా ఉండాది సూడు, కొమ్ములు కూడా లేవు."

"మంచి కళగా ఉండాడే," అంది తిరుమలమ్మ. "పాలెంతిస్తారు వాళ్ళ వైపోళ్ళు?"

"పాలకు కాదక్కా. వాటిని మాంసానికి పెంచుతారు."

కుప్పయ్య గబుక్కున పోయి కావేరి చెవులు రెండూ మూశాడు. "దాని ముందర ఆ మాట ఎత్తద్దురా. శుక్రవారం శుక్రవారం పసుపు కుంకుమ పెట్టి మొక్కే ఆవుకు ఆ ఇంటి సంబంధమా తెచ్చేది?"

"ఎద్దేమన్నా మాంసం తింటాదా బావా? అది తినేదీ గడ్డే. దాన్ని తినేది మనుషులు. మధ్యలో దాందేం పాపం?"

పాపం తినేవాడిదా, పెంచేవాడిదా, లేక నల్లగా పుట్టి గడ్డి మేసినదానిదా అని కుప్పయ్య నిజంగానే ఆలోచించాడు.

"అయినా ఆ సరుకు మన వైపు దొరకదులే," అన్నాడు మునికృష్ణ.

"దొరకని దానికి ఇంతసేపు ఏంటికిరా చెప్పినావు?"

"ఊరికే, తెలుసుకుంటావని. మనకు అందేదంటే పొట్టిజాతి పుంగనూరు కోడె. మునిచంద్రన్న ఇంట్లో ఒకటి ఉండాది. దూడ కుందేలుపిల్లంత పుడతాది."

"పాలు కూడా కుందేలు ఇచ్చినంతే ఇస్తాది," అంది తిరుమలమ్మ. "వద్దు."

మొగుడూ పెళ్ళాం ఒక మాట మీదికి రాకపోతే ఆ ఊళ్ళో చేసేది ఒకటే. గంగమ్మను పువ్వడుగుతారు. అమ్మవారి రెండు భుజాల మీదా తడిపూలు అంటిస్తారు. ఏ వైపు పువ్వు రాలితే అదే ఆమె మాట.

"పోయి అడగండి," అన్నాడు మునికృష్ణ. "బిన్నా రండి. ఎద మీ కోసరం కాసుకోని ఉండదు."

పూజారి ఏకాంబరం సంగతంతా విని, కుడి భుజం మీద పుంగనూరు పువ్వూ ఎడమ భుజం మీద హెచ్చెఫ్ పువ్వూ అంటించి పక్కకు నిలబడ్డాడు. ముగ్గురూ చేతులు జోడించారు. ఎంతసేపటికీ ఏ పువ్వూ రాల్లేదు.

గుళ్ళో కొత్తగా గోడకు ఫ్యాను పెట్టారు. అది తల తిప్పుతూ కుడివైపుకు వచ్చినప్పుడల్లా కుప్పయ్య పువ్వు రవంత ఊగుతోంది. తిరుమలమ్మ అది కనిపెట్టింది.

"ఫ్యాను ఆపు స్వామీ."

"ఎండకు అమ్మకు ఉడుకుతాది గదా, ఉండనీ," అన్నాడు కుప్పయ్య.

"గాలికి రాలితే అది అమ్మ మాట ఎట్టవతాది?"

"గాలి మాత్రం ఎవరిదంటావు?"

ఏకాంబరం ఇద్దరినీ చూసి, ఎవరి పక్షమూ కాకుండా ఫ్యాను తల తిరగడం ఆపి నట్టనడుమకు పెట్టాడు. రెండు పువ్వులూ ఒకేసారి రాలాయి.

"ఇదేంది స్వామీ?" అన్నారు ఇద్దరూ.

"మీ ఇంటి పంచాయితీ నాకేంటికి అని అమ్మ అంటాండాదప్పా," అన్నాడు ఏకాంబరం. "మీరే తేల్చుకోండి. ఆవు మీది గదా."

ఇంటికి తిరిగి వస్తూ, కావేరి అరుపు వినబడే దగ్గరికి వచ్చాక కుప్పయ్య నిలబడ్డాడు.

"సరే, హెచ్చెఫే వేపిద్దాం. కాకపోతే ఈసారి గుంజేటప్పుడు తాడు నువ్వు పట్టుకో."

తిరుమలమ్మ అడుగు ఆగిపోయింది. పోయినసారి ఆమె వంటింట్లోకి పోయి తలుపేసుకుంది. అయినా ఆ అరుపు వినబడింది. కొంగుతో మొహం తుడుచుకుని, "ఆ మునిచంద్రకు ఫోన్ చెయ్," అంది.

మధ్యాహ్నానికి పెళ్ళికొడుకు ఆటోలో వచ్చాడు. మెడలో గంటలు, నుదుట కుంకుమ, ఒంటి మీద జరీ తువ్వాలు. పేరు దొర. వెనక సీటు కోడెకు వదిలేసి, మునిచంద్ర డ్రైవరు పక్కన ఒంటి పిర్ర మీద కూర్చుని వచ్చాడు.

"ఇంట్లో టైల్స్ మీద పెరిగినాడు, రవంత మర్యాదగా సూసుకోండి," అన్నాడు దిగుతూ.

దొర దిగి, తలెత్తి కావేరిని చూశాడు. కావేరి మాత్రం ఎవరో వచ్చారని తెలిసి అతని తల మీదుగా అటూ ఇటూ వెతికింది. దొర ఉత్సాహంగా ఎగిరాడు. పెళ్ళికూతురి మోకాళ్ళ దాకా అందాడు. ఇంకోసారి ఎగిరి, జారి, గడ్డివాములో పడ్డాడు.

"పీట వెయ్యండబ్బా," అన్నాడు మునిచంద్ర. పీట వేశారు. పీట విరిగింది.

తిరుమలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ, "ఆవును నీళ్ళు లేని ఆ కాలవలోకి దించండి, పిల్లోణ్ణి గట్టు మీద నిలబెట్టండి," అంది.

అట్లాగే చేశారు. మంచి మనుషులు కాబట్టి అందరూ అటు తిరిగి నిలబడ్డారు. చూలు నిలిచింది.

నెలలు నిండేదాకా కుప్పయ్యకు నిద్ర లేదు. పొట్ట పెద్దగా కనిపిస్తే భయం, చిన్నగా కనిపిస్తే అనుమానం. చివరికి ఒకరోజు పొద్దున కావేరి మేత ముట్టకుండా తోక ఎత్తి తిరుగుతుంటే, అతను చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాడు. పోయినసారి తాడు గుంజిన నలుగురినీ పొలాల్లోంచి పిలుచుకుని, అంగట్లో టెంకాయ తీసుకుని, ఆయాసపడుతూ వచ్చాడు.

కొట్టంలో కావేరి నిమ్మళంగా నిలబడి నాకుతోంది. నాలుక ఒకసారి ఆడిస్తే దూడ మొత్తం తడిసిపోతోంది. బక్కెట్టంత ఎత్తున్న పెయ్యదూడ, అప్పుడే లేచి, తల్లి పొదుగు వెతుక్కుంటోంది.

తిరుమలమ్మ పక్కనే కూర్చుని చిలికిన మజ్జిగలోంచి వెన్న తీస్తోంది.

"యాడికి పోయినావు? వెన్న తీసి తిరిగి సూసేలోపల ఈనేసింది. నన్ను కూడా పిలవలేదు."

కుప్పయ్య టెంకాయ ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చున్నాడు. నలుగురు మగవాళ్ళూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డారు.

"టెంకాయ ఎవరికి కొట్టేదే?" అన్నాడు చివరికి. "అమ్మేమో మీరే తేల్చుకోండి అనింది. చేసింది చూస్తే ఆ దొర. ఈనింది కావేరి."

"నాయనా, అమ్మకే కొట్టుకోని బిన్నా రా," అంది తిరుమలమ్మ వెన్న ముద్ద చేస్తూ. "ఒక చిప్ప చట్నీకి కావాల. పని లేని పనికి నలుగురిని పిలుచుకోనొచ్చినావు, వాళ్ళకు దోసెలన్నా పొయ్యద్దా?"