డ్రమ్ముదే తప్పు

పన్నెండేళ్ళుగా అటకెక్కి కూర్చున్న డ్రమ్ముల ఆటను సెలూన్ నడిపే తమ్ముడు ఆదివారం పొద్దున్నే షాపు తియ్యకుండా వచ్చి అక్క ఇంట్లో కిందికి దించాడు. టీవీకి తగిలించి ఆడే ఆట, అందులో రెండో భాగం. మొదటిదానికి డ్రమ్ము ఒక్కటే, దీనికి రెండు. చిన్నప్పుడు ఇద్దరూ దీన్ని వాయగొట్టిన తీరుకి పక్కింటివాళ్ళు ఇల్లు మారిపోయారు.

"ఏంట్రా, ఉన్నట్టుండి దీని మీద మనసు పోయింది?" అంది అక్క దుమ్ము తుడుస్తూ.

"ఊరికే."

ఊరికే ఏం కాదు. శుక్రవారం గడ్డం గీస్తుంటే ఒక పెద్దాయనకి చెవి కింద తెగింది. పదునెక్కువైందని సర్దిచెప్పి పటిక రుద్ది పంపాడు. శనివారం ఇంకొకాయనకి తెగింది. బ్లేళ్ళ పెట్టె మొత్తం పారేసి వేరే రకం కొన్నాడు. మహానుభావుడికి అనుమానం మాత్రం బ్లేళ్ళ మీద లేదు. కత్తి పట్టే ఎడంచెయ్యి మాట వినడం లేదేమోనని రెండు రోజులుగా కంటిమీద కునుకు లేదు. రేపు ఎనిమిదింటికి ఎప్పుడూ వచ్చే బడి మాస్టారు గడ్డానికొస్తారు. కుర్చీలో కూర్చోగానే కళ్ళు మూసుకుని మెడ అప్పగించేస్తారాయన.

ఆట మొదలైంది. తెర మీద ఎర్ర చుక్క వస్తే డ్రమ్ము నడుమ కొట్టాలి, నీలం వస్తే అంచు మీద. ఎవరి దెబ్బ తప్పితే వాళ్ళ మూల ఉన్న ఎలుగుబంటి బొమ్మ ఏడుస్తుంది. కుడిచెయ్యి ఒక్కటీ వదల్లేదు. ఎడంచెయ్యి వంతు వచ్చినప్పుడల్లా ఎలుగు భోరుమంది.

"ఈ డ్రమ్ము పాడైందే అక్కా."

"ఇటివ్వు, మార్చుకుందాం."

మార్చుకున్నారు. అక్క డ్రమ్ము మీద కూడా అతని ఎలుగే ఏడ్చింది. పాడైందన్న డ్రమ్ము మీద అక్క దంచి పారేస్తోంది. అక్క ఓరకంట అతని చేతిని చూసింది. డ్రమ్ము పుల్ల సన్నగా వణుకుతోంది.

ఆ తర్వాత అక్కకి ఒక దెబ్బ తప్పింది. వెంటనే ఇంకోటి. ఇక వరసగా అన్నీ తప్పుతూనే ఉన్నాయి.

"నిజమేరా, ఈ డ్రమ్ముదే తప్పు" అంది తెర మీంచి చూపు తిప్పకుండా. "చూడు, ఎంత కొట్టినా పలకట్లేదు."

ఒక్క నిమిషం అతనికి ప్రాణం లేచొచ్చింది. నవ్వబోయాడు కూడా. పాట అయిపోయింది, తెర మీద అతని పేరు పైన, అక్క పేరు కింద వచ్చాయి. జన్మలో అలా చూసి ఎరగడు. తను నూటమూడు జ్వరంతో ఆడినప్పుడు కూడా ఈవిడ ఒక్క ఆట వదిలిపెట్టలేదు. కాళ్ళావేళ్ళా పడ్డా కనికరించలేదు.

"అక్కా."

"ఊఁ."

"ఎప్పుడూ లేనిది నన్నెందుకు గెలిపించావ్?"

అక్క కళ్ళు నిండిపోయాయి. అతనికి భయమేసింది, చిన్నప్పుడు చీకటి గదిలో వేసినట్టు.

పుల్లలు పక్కన పెట్టాడు. కుడిచేత్తో ఫోను తీసి మాస్టారికి కలిపాడు.

"మాస్టారూ, రేపు గడ్డానికి ఇంకెవరి దగ్గరికైనా వెళ్ళండి" అన్నాడు. "లేదండీ, షాపు బాగానే ఉంది. నా చెయ్యే బాలేదు."