నిండా పోసిన గిన్నె

చలి అట, ఒంట్లోకి చలి దూరిందట, ఆరు నెలలుగా ఇదే పాట, ద్రాక్షపందిరి కింద వేడి టీ కూజా పట్టుకు నిలబడి చెమటలు కక్కుతున్న మవ్జూదాకి ఆ చలి ఎక్కడ దూరిందో అత్తగారు హోసియత్‌కే తెలియాలి, పొత్తికడుపు కింద, కూర్చుంటే మంట, లేస్తే మంట, పొద్దుట దొడ్లోకి వెళ్ళి పంటి బిగువున ఏడ్చి వచ్చింది, మళ్ళీ మొదలైంది, ఇది నాలుగోసారి, అత్తగారేమో తన చెల్లెలికి చెబుతోంది, కోడలు వినాలనే చెబుతోంది, పెళ్ళికి ముందు చల్లటి బండల మీద కూర్చునుంటుంది, కొండల్లో ఊరి పిల్ల కదా, తల్లి అదుపులో పెట్టలేదు, అందుకే నాలుగో నెలలో నా మనవడు జారిపోయాడు, మనవడట, మగో ఆడో ఎవరు చూశారు, నవ్రూజ్‌కి, కొత్త ఏడాది పండక్కి, గోధుమ మొలకల పాయసం కలుపుతూ గరిటె పట్టుకున్నవాళ్ళంతా కోరికలు కోరుకుంటుంటే తనూ ఒకటి కోరుకుంది, అప్పుడే నడుములో నొప్పి పుట్టింది, ఏం కోరుకుందో ఎవరూ అడగలేదు, పాయసం అడుగంటిందని మాత్రం తిట్టారు.

తర్వాత ఆ చలి తీయడానికి అప్పుడే కోసిన గొర్రె తోలు తెచ్చి, పచ్చిగా, వెచ్చగా, నడుముకి చుట్టి పూటంతా పడుకోబెట్టారు, ఆ వాసనలోనే పక్కన కూర్చుని రొట్టె తుంచుకు తిన్నాడు ఓదిల్, మొగుడుగారు, పాపం ఓర్చుకో అన్నాడు కూడా, ఓర్చుకోవాలట, లోలా డాక్టరమ్మ మొదటిసారే చెప్పింది, చీటీ మీద రెండు గీతలు గీసి మరీ చెప్పింది, ఈ మాత్రలు నువ్వూ మీ ఆయనా ఇద్దరూ ఒకేసారి మింగాలమ్మా, నువ్వొక్కదానివే మింగితే నీకు తగ్గుతుంది, మళ్ళీ అతని దగ్గర్నుంచే అంటుకుంటుంది, ఇలాగే సాగదీస్తే లోపల నాళాలు పూడిపోతాయి, తర్వాత బిడ్డ కావాలని నా కాళ్ళు పట్టుకున్నా నేనేం చెయ్యలేను, ఏమండీ మీరు మింగారా అని మొగుణ్ణి అడిగింది, మింగానులే అన్నాడు, మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ మింగానులే, ఇవాళ కోటు ఉతుకుదామని జేబులు దులిపితే మూడు అట్టలు, ఒక్క మాత్ర చిదిమితే ఒట్టు, ఏమండీ ఇవేంటి అంటే నవ్వాడు, నాకేం రోగం, నేను గుండులా ఉన్నాను, అమ్మ చూసుకుంటుంది కదా, అక్కడ పడేయ్.

పడేయలేదు, నడుముకి కట్టుకున్న వంటగుడ్డ జేబులో ఉన్నాయి, ఇప్పుడు పిన్నత్తగారు గొంతు తగ్గించింది, అక్కా, మా తోడికోడలికో చెల్లెలుంది, నెమ్మదైన పిల్ల, దీన్ని పుట్టింటికి పంపేస్తే, అత్తగారు కొడుకు వంక చూసింది, కొడుకు ఫోను వంక చూశాడు, అంతే, వద్దు అనలేదు, మవ్జూదాకి అరికాలి మంట నెత్తికెక్కింది, కోడలా, టీ, అంది అత్తగారు, టీ ఎలా పోయాలో కాపురానికి వచ్చిన వారానికే నేర్పారు, గిన్నెలో సగం కూడా పోయకూడదు, కొంచెం పోసి, ఖాళీ కాగానే మళ్ళీ పోయాలి, అది మర్యాద, నిండా పోస్తే తాగేసి వెళ్ళిపొమ్మని అర్థం, తెలియక అప్పుడొకసారి మామగారి అన్నకి నిండా పోస్తే నెలరోజులు సాధించారు, ఆ తర్వాత రెండేళ్ళలో ఒక్కసారీ చెయ్యి తప్పలేదు.

ఓదిల్ గిన్నె ముందు వంగి పోసింది, సగం దాటింది, అంచు దాకా వచ్చింది, అయ్యో కోడలా, చూసుకో, నిండిపోతోంది, చూసుకునే పోస్తున్నానత్తయ్యా, పక్కనే మూడు అట్టలూ పెట్టింది, డాక్టరమ్మ మీ అబ్బాయికిచ్చినవి అత్తయ్యా, ఆర్నెల్లుగా మింగలేదు, మింగానని నాతో అబద్ధమాడారు, ఓదిల్ మొహం మాడిపోయింది, మవ్జూదాకి మాత్రం ఒక్కసారిగా అంతా తేటగా కనిపించింది, తన ఒంట్లో చలీ లేదు, శాపమూ లేదు, మందు మింగాల్సిన మనిషి ఇంకొకడున్నాడు, అతను మింగితే సరే, మింగకపోతే ఈ సంసారంలోంచి పొమ్మనాల్సింది వాళ్ళు కాదు, తనే.