రెండు చెవుల కప్పు

మా ఇంట్లో నలుగురికి బియ్యం రెండు కప్పులు. కప్పంటే నిజంగా కప్పే. అడుగున పీఠం, రెండు పక్కలా చెవులు, కడుపు మీద ఇంగ్లీషు అక్షరాలు. ఇత్తడిది. పైన పూసిన వెండి పూత ఎప్పుడో రాలిపోయి మా అందరి పొట్టల్లోకీ సమానంగా చేరి ఉంటుంది. పెళ్లైన కొత్తలో నా పెట్టె సర్దుతూ మా అత్త శాంతమ్మ దాన్ని పైకెత్తి చూసి, "రెండు పక్కలా చెవులుండాయి, పట్టుకునేదానికి బాగుండాది" అని బియ్యం డబ్బాలో వేసింది. ఇరవై ఆరేళ్లుగా అది అక్కడే ఉంది. నేనూ దాని పక్కనే ఉన్నాను.

ఆ ఆదివారం పదకొండు దాటాక దాన్ని డబ్బాలో ముంచబోతుంటే హాల్లోంచి మా ఆయన గొంతు వినిపించింది. పీయూసీ చదివే మా అమ్మాయి సౌమ్య చేత ప్రాజెక్టు రాయిస్తున్నారు. ఇరవయ్యో శతాబ్దంలో సమాజం ఆటల్ని ఎలా మార్చిందన్నది విషయం. మా ఆయన పద్మనాభానికి ఆటలంటే ప్రాణం, ముఖ్యంగా సోఫాలోంచి చూసేవి. హూడిలో మా అపార్ట్‌మెంట్ స్పోర్ట్స్ కమిటీకి ఆయనే సెక్రటరీ. యుద్ధాలొచ్చి ఒలింపిక్స్ ఆగిపోవడం, టీవీ వచ్చాక క్రికెట్‌కు పట్టిన దశ, నల్లవాళ్లను దూరం పెట్టిన దేశాన్ని మిగతా దేశాలు ఆటల్లోంచి వెలివేయడం, అన్నీ గడగడా చెప్పారు. బాగానే చెప్పారు. నేనూ చెవి అటే పెట్టి విన్నాను.

"మరి ఆడవాళ్ల గురించి ఏం రాయాలి నాన్నా? దానికి పది మార్కులు."

"ఆడవాళ్లా..." ఆయన టీవీ సౌండు కాస్త తగ్గించారు. "అప్పట్లో లేడీస్‌కి స్పోర్ట్స్ మీద ఇంట్రెస్ట్ తక్కువ అని రాసెయ్యమ్మా. ఒక లైన్ చాలు."

నా చేయి బియ్యంలోనే ఆగిపోయింది.

ఆ ఇంట్రెస్టు సంగతి నాకు కొంచెం తెలుసు. చామరాజపేటలో మా కాలేజీ వెనక మట్టి కోర్టు ఉండేది. బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాళ్లం. పసుపు ఉన్ని బంతి, వలకు అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. కాంపౌండు గోడ పొట్టిది కాబట్టి మేం మోకాళ్లు దాటిన స్కర్టే వేసుకోవాలి. గోడను పెంచొచ్చు కదా మేడమ్ అని అడిగాను. స్కర్టును ఇంకో రెండంగుళాలు పెంచారు. స్కోరు ఎంతున్నా ఐదింటికల్లా మ్యాచ్ ముగించి ఇళ్లకు పోవాలి. ఎండకు నల్లబడితే ఎవరు చేసుకుంటారని అమ్మ రోజూ రాత్రి ముఖానికి పెసరపిండి రుద్దేది. ఇన్నిటిని దాటుకుని తొంభై ఎనిమిదిలో కాలేజీలన్నిటి మీదా గెలిచాం. కెప్టెన్‌ని నేనే. ఆ తర్వాత రాష్ట్ర జట్టు సెలక్షన్ ఒక సోమవారం. ముందు రోజు ఆదివారం పెళ్లిచూపులు. "ఆటలాడే పిల్లంట గదా, ఇంటిపనికి నిలుస్తాదా?" అని కాబోయే మామ అడిగాడు. మా నాన్న కృష్ణప్ప నవ్వి, "అదంతా మానేసిందప్పా" అన్నాడు. నేను ఆట మానేసినట్టు నాకు అలా తెలిసింది. అప్పుడు నా చేతిలో కాఫీ ట్రే ఉంది.

వంటింట్లో ఫ్రిజ్ మీద వచ్చే వారం స్పోర్ట్స్ డే జాబితా అంటించి ఉంది. మా ఆయన చేతిరాత. లేడీస్‌కు నిమ్మకాయ–చెంచా, మ్యూజికల్ చైర్స్. నిమ్మకాయ కింద నా పేరు ఆయనే రాశారు. అడుగున "మజ్జిగ: రేణుక" అని మరోసారి. షటిల్ సింగిల్స్ కింద పద్నాలుగు పేర్లు, అన్నీ మగవాళ్లవే. ఆడవాళ్లకు షటిల్ ఎందుకు పెట్టలేదని నిన్న అడిగితే "ఎంట్రీలు రాలేదు" అన్నారు. ఎవరినీ అడగలేదుగా అంటే, "ఇంట్రెస్ట్ ఉంటే వాళ్లే వస్తారు" అన్నారు. కోర్టు సాయంత్రాలు మగవాళ్లది. మాకు పదకొండు నుంచి పన్నెండున్నర. ఆ వేళకు హూడి మొత్తంలో కుక్కరు విజిల్ తప్ప ఇంకేమీ పైకెగరదు.

కప్పులో బియ్యాన్ని తిరిగి డబ్బాలోకి వంచేశాను. చింతపండు, ఉప్పు వేసి పీచుతో రుద్దాను. అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. తుడిచి తీసుకెళ్లి సౌమ్య నోటుబుక్కు మీద పెట్టాను.

"రైస్ కప్పు ఇక్కడెందుకమ్మా?"

"ప్రాజెక్టుకు ఆధారం కావాలి కదా. చదువు."

"విన్నర్స్... ఉమెన్... నైన్టీన్ నైన్టీ ఎయిట్... కెప్టెన్, కె. రేణుక." తలెత్తింది. "అమ్మా, నువ్వా?"

హాల్లో ఓ మూల కూర్చున్న మా అత్త లేచి వచ్చి అక్షరాల మీద వేలితో తడిమింది. "ఏమ్మే, ఇది నువ్వు ఆడి గెల్చిందా? నాకు చదువు రాదు గదా తల్లీ. ఇన్నేండ్లు కొలత గిన్నె అనుకుంటి."

ఆమెకు నిజంగానే చదువు రాదు. ఎంబీఏ చేసిన మా ఆయనకు వచ్చు. చదవాలంటే ఇరవై ఆరేళ్లలో ఒక్కసారైనా ఆ డబ్బా మూత తీయాలి.

ఆయన కప్పును చూశారు, నన్ను చూశారు. ఏమంటారోనని నాకూ ఆత్రంగానే ఉంది.

"మరి బియ్యం దేంతో కొలుస్తావు?" అన్నారు.

నేను వెళ్లి ఫ్రిజ్ మీది జాబితా ఊడదీసుకొచ్చాను. నిమ్మకాయ దగ్గర నా పేరు కొట్టేశాను. మజ్జిగ దగ్గర కొట్టేశాను. సింగిల్స్‌లో పదిహేనో పేరుగా కె. రేణుక అని రాశాను. కె అంటే కృష్ణప్ప. తను మాన్పించిన ఆటలోకి మా నాన్న కూడా నాతో వస్తున్నాడు.

"ఏయ్, అది జెంట్స్‌ది!"

"అని మీరు రాయలేదు. సింగిల్స్ అని మాత్రమే రాశారు." ఇంకెవరూ రారన్న ధీమాతో రాయడం మర్చిపోయారు పాపం.

సౌమ్య పెన్ను తీసి తన నోటుబుక్కులో ఒక లైన్ అడ్డంగా కొట్టేసింది. నేను దాని షటిల్ బ్యాటు అందుకుని, దాని బూట్లలోనే కాళ్లు పెట్టాను. కాస్త బిగుతు.

"రేణుకా, ఇప్పుడెక్కడికి? పదకొండున్నరైంది. లంచ్?"

"ఇది లేడీస్ టైమే కదా, మీరు పెట్టిందే." తలుపు తీశాను. "డబ్బా కింది అరలో ఉంది. జెంట్స్‌కి వంట మీద ఇంట్రెస్ట్ తక్కువంటారు గానీ, నేను నమ్మను."