పదకొండు నిమిషాలు

మా మామయ్యకి కోపం తెప్పించడానికి ఒక్క మాట చాలు. "మీది గొప్ప కళండీ" అనాలి. ఎంత మర్యాదగా అన్నా సరే, ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, "కళైతే టిక్కెట్టు పెట్టి ఆడేవాణ్ణి. ఇది శాస్త్రం" అంటాడు.

ఆయన జాతకాలు చెబుతాడు. నేను ఒక బీమా కంపెనీలో మనుషులు ఎన్నేళ్లు బతుకుతారో లెక్కలు కడతాను. మనిద్దరిదీ ఒకటే పని అంటాడు ఆయన. "కాదు. పదివేలమందిలో ఈ ఏడాది ఎంతమంది పోతారో నేను చెప్పగలను, ఎవరు పోతారో చెప్పలేను. నువ్వేమో ఎదురుగా కూర్చున్న మనిషికి ఏం జరుగుతుందో చెప్పేస్తావు, ఎన్నిసార్లు నిజమైందంటే మాత్రం లెక్క చూపించవు" అంటాను నేను. పదిహేనేళ్లుగా ప్రతి శనివారం ఇదే గొడవ. ఇద్దరిలో ఎవరం అంగుళం కూడా జరగలేదు.

శనివారాలు ఎందుకంటే, ఆయన కళ్లు మసకబారి అంకెలు కనిపించడం మానేశాక ఆ లెక్కలు నేనే కట్టిపెడుతున్నాను. నమ్మకం లేని పని నెత్తినేసుకున్నావేమిటని ఆఫీసులో అడుగుతారు. ఏం చెప్పను? నన్ను పెంచింది ఆయనే.

ఆయన గది మూడో అంతస్తులో ఉంది. ఒక బల్ల, మూడు కుర్చీలు, కిటికీ, ఇనప బీరువా. లిఫ్టు లేదు. మామయ్య ఎడమకాలు పసితనంలోనే చచ్చుబడింది. ఆ కాలికి ఇనప పట్టీ బిగించుకుని, రెయిలింగు పట్టుకుని, పొద్దున ఒకసారి ఎక్కుతాడు, సాయంత్రం ఒకసారి దిగుతాడు. మధ్యలో భూమి బద్దలైనా దిగడు. టీ కావాలంటే కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట కిందికి వదులుతాడు. టీ కొట్టాయన అందులో ఫ్లాస్కు పెట్టి తాడు రెండుసార్లు లాగుతాడు.

నా ఏడో ఏట మా అమ్మ నన్ను ఈ గదికే తీసుకొచ్చింది. అప్పటికి నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. పిల్లకి బుర్ర ఎదగలేదు, తీసుకుపొమ్మని బడివాళ్లు చెప్పేశారు. మామయ్య నా జాతకం వేశాడు. మనం పుట్టిన క్షణంలో తూర్పున ఏ రాశి పైకి వస్తుంటే అదే లగ్నం, మిగతా ఇళ్లన్నీ అక్కణ్ణుంచే లెక్క. "లగ్నంలో బుధుడు కూర్చున్నాడు. ఇది లెక్కల పిల్ల. తొందరపడకండి" అన్నాడట. మర్నాటి నుంచి రెండేళ్లపాటు రోజూ పొద్దున్నే తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని, చొక్కా గుండీలు పోసి, నాకు లెక్కలు నేర్పాడు. నేను మొదట పలికిన మాట 'ఏడు' అని అమ్మ చెప్పేది. ఆ బుధుడి మీదే నా బతుకంతా నిలబడింది.

ఆ బుధుణ్ణి కదిలించింది ఒక నర్సమ్మ. ఆవిడ రిటైరై చాలా ఏళ్లయింది. మనవడికి జాతకం రాయించడానికి వచ్చింది. పుట్టిన సమయం అడిగాను.

"ఇప్పటివాళ్లు ఫోన్లో చూసి సెకన్లతో సహా రాస్తున్నారమ్మా. మా పెద్దాసుపత్రి కాన్పుల గదిలో అయితే గడియారం పదకొండు నిమిషాలు ముందుండేది" అని నవ్వింది.

"అదేంటి?"

"డ్యూటీ మారేవాళ్లు ఆలస్యంగా వస్తున్నారని మా హెడ్డు ముల్లు ముందుకి తిప్పించింది. అలాగే ఉండిపోయింది. మాకందరికీ తెలుసుగా, ఎవరికి వాళ్లం పదకొండు తీసేసుకునేవాళ్లం."

"మరి పుట్టిన టైము రాసేటప్పుడు?"

"పుస్తకంలో గోడమీద ఉన్నదే రాయాలి కదమ్మా! రూలు!"

మామయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఎన్నాళ్లు అలా ఉందమ్మా ఆ గడియారం?"

"ఇరవై రెండేళ్లండీ. తర్వాత కొత్తది పెట్టారు." తను ఏదో అనకూడనిది అన్నానని ఆవిడకి అప్పుడు అర్థమైంది.

నిజం చెప్పాలి. నాకు లోపల్లోపల పండగే అయింది. ఇరవై రెండేళ్లు ఈ ఊళ్లో సగంమంది ఆ గదిలోనే పుట్టారు. పదిహేనేళ్ల గొడవ ఒక్క గోడగడియారంతో తేలిపోయింది. నర్సమ్మ వెళ్లాక, ఆయన ఏమంటాడో చూద్దామని, "ఎవరికీ తెలీదుగా మామయ్యా. వదిలెయ్" అన్నాను.

ఆయన నావైపు తిరిగాడు. "తప్పని తెలిశాక దిద్దకపోతే అది శాస్త్రం ఎలా అవుతుందే? బీరువా తాళం తియ్యి."

నాలుగు శనివారాలు పట్టింది. ఆ ఆసుపత్రిలో ఆ ఏళ్లలో పుట్టినవాళ్ల కాగితాలు ఆరువందల పన్నెండు తేలాయి. చాలామందికి పదకొండు నిమిషాలతో పెద్ద తేడా పడలేదు. యాభై ఆరుగురికి మాత్రం లగ్నమే మారిపోయింది. అంటే ఆయన వాళ్లకి చెప్పిందంతా వేరే మనిషికి చెప్పినట్టే లెక్క.

"అందరికీ ఫోన్ చెయ్యి" అన్నాడు.

"మామయ్యా, నలభై ఏళ్ల పేరు. ఇంకెవరూ ఈ మెట్లెక్కరు."

"ఎక్కకపోతే మానె. నంబరు కలుపు."

నేను నంబర్లు కలిపాను, ఆయన మాట్లాడాడు. ప్రతివాళ్లతోనూ అదే మాట. "నేను మీకు తప్పు లెక్క మీద చెప్పాను. క్షమించండి. వస్తే సరైనది చెబుతాను." ఒకాయన అరగంట తిట్టాడు. మామయ్య ఫోను చెవికి ఆనించుకుని అంతా విన్నాడు. ఇంకొకాయన, "అయితే ఇప్పుడు పెళ్లాన్ని మార్చుకోమంటారా?" అని పగలబడి నవ్వాడు. మా ఆఫీసులో ఒక పట్టికలో తప్పు దొరికితే ఆ కాగితం మూడు బల్లలు దాటేలోగా మాయమైపోతుంది. నేనూ ఒకసారి మాయం చేశాను. ఇక్కడ కళ్లు సరిగా కనపడని మనిషి తన తప్పుని అన్నిసార్లు నోటితో చెప్పుకుంటుంటే, పక్కన కూర్చుని వినడం నా వల్ల కాలేదు. సిగ్గేసింది. ఇలాంటి మనిషి పక్కన ఇన్నేళ్లు కూర్చుని పరాచికాలాడానా అనిపించింది.

మొదట వచ్చింది క్రేను నడిపే ఆవిడ. నలభై ఏళ్లుంటాయి. రేవులో పెద్ద క్రేను మీద, పదిహేను అంతస్తుల ఎత్తున కూర్చుని పెట్టెలు దింపుతుందట. పంతొమ్మిదేళ్లప్పుడు వాళ్ల నాన్న ఆమెని బట్టల కొట్లో కూర్చోబెట్టాలని జాతకం చూపించడానికి తీసుకొచ్చాడు. ఈ పిల్లది ఎత్తున చేసే పని, కొట్లో పెట్టకండి అని మామయ్య చెప్పాడు.

"కొత్త లెక్క ఏమంటోందండీ?" అని అడిగింది.

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "నేలమీద, నలుగురి మధ్య చేసే పని. అమ్మకాలు." ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో నాకు తెలిసింది.

"మా నాన్న అన్నదే అన్నమాట." ఆమె నవ్వలేదు. "మరి ఆ రోజు మీకలా ఎలా అనిపించింది? నేను ఆ పైన కూర్చున్నంత హాయిగా ఎక్కడా ఉండలేదండీ. నాకు తెలియాలి."

"తప్పు లెక్కమ్మా. అంతే."

నేను ఆమె పాత కాగితం తీసి చూశాను. అంకెల్లో ఏమైనా దొరుకుతుందేమోనని అటూ ఇటూ తిప్పాను. కాగితం వెనక పెన్సిలుతో చీమల బారులాంటి రాత ఉంది. మనిషి వచ్చాక జాతకం తెరవకుండా గంటసేపు పిచ్చాపాటీ మాట్లాడటం, మాట్లాడుతూ ఏదో గీకుతూ ఉండటం మామయ్యకి అలవాటు. కళ్లు మసకబారాక అది మానేశాడు. ఊసుపోక గీసే గీతలనుకుని నేనెప్పుడూ పట్టించుకోలేదు.

"అది చదవకు. అది లెక్క కాదు" అన్నాడు మామయ్య.

నేను చదివాను. "మూడంతస్తులు ఎక్కినా ఆయాసం లేదు. చూపు కిటికీ వైపే. రోడ్డు మీద లేదు, పైన ఉంది. తండ్రి మాట్లాడుతుంటే కాళ్లు ఆడిస్తోంది, పైకి చూసినప్పుడు ఆపేస్తోంది. బీరువా మీద డబ్బా అంచుకి వచ్చిందని, పడుతుందని చెప్పింది. నిజమే. రోజూ ఇక్కడుండే నేనే చూడలేదు."

ఆవిడ లేచి బీరువా పైకి చూసింది. తర్వాత మామయ్య చెయ్యి పట్టుకుని కళ్లకి అద్దుకుంది. అక్కణ్ణుంచి మెట్లు దిగి వెళ్లిపోయింది.

నేను బీరువా ముందు నేలమీద కూలబడి ఒక్కో కాగితం వెనక్కి తిప్పుతూ పోయాను. ఒకతను చెప్పేమాట ముగిసేలోగా చొక్కా చేతులు మూడుసార్లు మడిచాడు. ఒకావిడ భర్త పేరు వచ్చినప్పుడల్లా గాజులు పైకి తోసుకుంది. ఒక కుర్రాడు అబద్ధం చెప్పాడు, కానీ తమ్ముడి కోసం చెప్పాడు. ముందువైపు గళ్లు, గ్రహాలు. వెనకవైపు ఊపిరి పీలుస్తున్న మనుషులు. ఆరువందల పన్నెండు మంది! ఒక మనిషి ఇంకో మనిషిని ఇంతలా చూడగలడని నాకు తెలీదు. బీమా పట్టికల్లో లక్షలమంది నా చేతుల మీదుగా వెళ్లారు, ఒక్కరి ముఖం నేను చూడలేదు.

"ఫోన్లు యాభై ఆరూ అయ్యాయా?" అన్నాడు మామయ్య.

"యాభై ఐదు."

"మిగిలింది ఎవరిది?"

మొదటి శనివారమే చూసుకున్నాను నేను. భయమేసి అన్నిటికన్నా అడుగున దాచాను. "నాది."

ఆయన కుర్చీ నావైపు తిప్పుకున్నాడు.

"బుధుడు లగ్నంలో లేడు మామయ్యా. రెండో ఇంటికి జరిగాడు." నేను నమ్మని బుధుడే, అయినా కాళ్ల కింద నేల కదిలినట్టుంది. ఆ పదకొండు నిమిషాలు లేకపోతే నన్ను ఏ మూలన కూర్చోబెట్టి ఉండేవాళ్లో!

"రెండో ఇల్లు మాటకి" అన్నాడు నెమ్మదిగా. "అందుకే నీ నోరలా తయారైంది."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"వెనక ఏముంది?" అని అడిగాడు. ఆయన అలా అడగడం అదే మొదటిసారి.

కాగితం తిప్పాను. నా ఏడేళ్ల వయసు అక్కడ నాలుగు వరసల్లో ఉంది. పైకే చదివాను. "మాట్లాడదు. మెట్లెక్కి వచ్చేటప్పుడు పెదాలు కదులుతున్నాయి. ఏం చేస్తున్నావమ్మా అంటే, బల్లమీద దుమ్ములో వేలితో 48 అని రాసింది. చెల్లెలికి టీ ఇచ్చి, కిందికి వెళ్లి మెట్లు లెక్కపెట్టాను. 46 వచ్చింది. మళ్లీ దిగి లెక్కపెట్టాను. 48. పిల్లదే కరెక్టు."

ఆ ఇనప పట్టీతో. భూమి బద్దలైనా మధ్యలో దిగని మనిషి.

"రెండుసార్లు దిగావా మామయ్యా?"

"గుర్తులేదు. రాసుంటే దిగే ఉంటాను." కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. "ఒకసారి చూసి పిల్లది తప్పంటే ఎలా? సరిచూసుకోవాలి కదా."

నేను ఆయన మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆయన నా తలమీద చెయ్యేసి, "కళ అని మాత్రం అనకే" అన్నాడు.

"అనను."

సాయంత్రం ఆయన రెయిలింగు పట్టుకుని దిగుతుంటే నేను పక్కనే నడిచాను. మొదటి మెట్టు దగ్గర్నుంచి ఒక్కొక్కటే గొంతెత్తి లెక్కపెట్టాను. ఆయన ప్రతి అంకెకీ తల ఊపుతూ, ఆఖరి మెట్టు మీద కాలు మోపేదాకా విన్నాడు.