అలుగు పెంకు

సుభద్రమ్మకు భయపడడానికి పెద్ద కారణమేమీ అక్కరలేదు. కూతురు ప్రీతి బడి నుంచి రావడం కాస్త ఆలస్యమైతే ఆటో బోల్తా పడిందనుకునేది. మొగుడు యువరాజ్ టమోటా లోడు వేసుకుని పోయి ఫోను ఎత్తకపోతే, వ్యాను ఏ గుంతలో పడుందోనని గడపలోనే కూలబడేది.

"నీ మనసులోకి మంచనేదే రాదా మే?" అని యువరాజ్ విసుక్కునేవాడు.

"మనసులోనే కదా అనుకుంటాండేది! నోటితో ఎప్పుడన్నా అన్నానా?" అనేది.

అది నిజం. ఎంత దడ పుట్టినా చెడ్డమాట పైకి అనదు. అంటే తథాస్తు దేవతలు విని అట్లే కానిస్తారని ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం.

ప్రీతికి మూడో ఏట జ్వరంలో ఫిట్స్ వచ్చినాయి. మదనపల్లె డాక్టరమ్మ చూసి, "పసిపిల్లలకు ఇట్లా వస్తుంటాయి. అయిదారేళ్ళు దాటితే వాటంతట అవే పోతాయి" అని ధైర్యం చెప్పింది. వాటంతట అవే పోయేవి వాటంతట అవే రావా అని సుభద్రమ్మ అనుమానం. అప్పుడే కుప్పం దగ్గరి పల్లెలో ఉండే మేనమామ గంగులప్ప ఒక అలుగు పెంకు తెచ్చిచ్చినాడు. అలుగు గుట్టల్లో తిరిగే జంతువు. ఒళ్ళంతా చేప పొలుసుల మాదిరి గట్టి పెంకులు. చీమలూ చెదలూ తిని బతుకుతుంది, అలికిడైతే ఉండ చుట్టుకుంటుంది. దాని పెంకు మెడలో ఉంటే బిడ్డకు జడుపు రాదని పెద్దవాళ్ళ మాట. సుభద్రమ్మ దాన్ని నల్లదారంతో కట్టింది. మళ్ళీ ఫిట్స్ రాలేదు. డాక్టరమ్మ చెప్పినట్టే జరిగిందని ఎవరైనా అంటే ఆమెకు కోపమొచ్చేది.

అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. బడి గేటు దగ్గర, రేషన్ అంగడి దగ్గర, ఆస్పత్రి బెంచీ మీద, దిగులు మొహంతో ఏ తల్లి కనబడినా ప్రీతి మెడలోని పెంకు పైకి తీసి చూపించేది. తన బిడ్డ లాగే వాళ్ళ బిడ్డా చల్లగా ఉండాలనే. అడిగినవాళ్ళ కోసం గంగులప్పకు ఫోను చేసేది. "పాపం, జంతువును చంపుతారేమో కదమ్మా" అని ఎవరైనా నసిగితే, "అయ్యో, సంపేదెందుకు! నెమలి ఈకల మాదిరి అదే రాలుస్తుంది" అని సర్దిచెప్పేది. ఆ మాట గంగులప్ప చెప్పింది కాదు. ఆమె ఆయన్ను ఎప్పుడూ అడగలేదు.

పక్కింటి టైలరు గఫూర్ భార్య మునీరాకు మనవరాలు పుట్టింది. పసిబిడ్డ నిద్రలో ఉలికులికి పడుతోందని మునీరా ఒక మాట అన్నది. ఆ ఒక్క మాట చాలు సుభద్రమ్మకు. ప్రీతిని మునీరా దగ్గర వదిలి కుప్పం బస్సెక్కింది.

పుంగనూరు బస్టాండులో, ఈ బస్సులో వస్తోందని ఫోనులో విని కాచుకున్న ఆడబిడ్డ ఆదిలక్ష్మమ్మ కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. ఆమె కొడుకు మెడలో ఇదివరకే ఒక పెంకుంది.

"వదినా, మా వీధిలో ఇంకో ఇద్దరు అడుగుతాండారు. నీ చేతి మీదుగా వచ్చిందైతేనే కావాలంట!"

సుభద్రమ్మ లోపల పొంగిపోయింది. "సూస్తాలేమ్మా" అంది, పెద్ద డాక్టరు మాదిరి.

మధ్యాహ్నానికి పల్లె చేరింది. గంగులప్ప ఇంటి ముందర మూడురాళ్ళ పొయ్యి మీద పెద్ద అండాలో నీళ్ళు కాగుతున్నాయి. ఆయన భార్య కుప్పమ్మ మంట ఎగదోస్తోంది.

"నా స్నానానికి ఇన్ని నీళ్ళు యాలత్తా? ఒక బక్కెట చాలు కదా" అంది సుభద్రమ్మ చెప్పులు విడుస్తూ.

కుప్పమ్మ తలెత్తలేదు. గంగులప్పే నవ్వినాడు.

"నీకు కాదులే మే, దానికి."

గోడవారన గోనెసంచి ఉంది. మూతి విప్పి చూపించినాడు. లోపల బిందంత ఉండ. ఒకదాని మీదొకటి పేర్చినట్టు పెంకులు. ఆ ఉండ నెమ్మదిగా ఉబ్బి, తగ్గుతోంది. ఊపిరి.

"బతికుండాది!" అంది సుభద్రమ్మ.

"బతికుండేదాన్నే పట్టేది. ఎంత కొట్టినా విప్పుకోదు మే. కాగే నీళ్ళు పోస్తే గానీ పెంకు ఊడదు."

సుభద్రమ్మ కళ్ళముందు మెదిలింది ఈ ఒక్క జంతువు కాదు. ప్రీతి మెడలోది, ఆడబిడ్డ కొడుకు మెడలోది, బడి గేటు దగ్గర మెడ చూపించుకుని నవ్వే పిల్లలందరూ. రాలుస్తుందని ఎంతమందికి చెప్పింది!

"వద్దు మామా. వదిలేయి."

"వదిలేసేదా?" గంగులప్పకు ఒళ్ళు మండింది. "నువ్వు ఫోన్లు సేయకముందు దీని జోలికి పోయినోడెవడు? ఎప్పుడో ఒకటి దారిలో అగపడితే పట్టేవోళ్ళం. నీకోసరమని ఉచ్చులు పెట్టి ఎతికితే, ఎండాకాలం నుంచి ఇదొక్కటి దొరికింది. మునుపు గుట్టంతా వీటి బొరియలే. ఇప్పుడు యాడుండాయి?"

"మళ్ళా పిల్లల్ని పెట్టవా?"

"కుక్క మాదిరి ఆరేడు ఈనుతుందనుకున్నావా? ఏడాదికి ఒక్క పిల్ల. దాన్ని తోక మీద ఎక్కించుకుని తిరుగుతాది. తల్లిని పడితే పిల్లా పోయినట్టే."

"నాకొద్దు మామా, నిజంగా."

"నీకు వద్దు సరే. మీ పక్కింటామెకు? పుంగనూరోళ్ళకు? బిడ్డ మెడలో కట్టేటప్పుడు లేని జాలి ఇప్పుడు యాడినుంచి వచ్చిందమ్మా?"

సుభద్రమ్మ తల వంచుకుంది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. గంగులప్ప సంచి ఎత్తి పొయ్యి వైపు నడిచినాడు. నీళ్ళు తెర్లుతున్న చప్పుడు వినబడుతోంది. జాలితో ఈ మనిషి ఆగడు. ఫారెస్టోళ్ళ పేరెత్తితే మేనమామ జైలు పాలవుతాడేమోనని మళ్ళీ భయం. ఒక్క మాటకే ఆగుతాడు. ఆ మాట పైకి అంటే తథాస్తు దేవతలు వింటారు.

"మామా! పెంకు పని సేయలేదు. నా బిడ్డకు మళ్ళా ఫిట్స్ వచ్చినాయి."

అనేసింది. అనేసి రెండు చేతులతో నోరు మూసుకుంది. కానీ మాట బయటికి పోయింది.

గంగులప్ప ఆగిపోయినాడు. "ఎప్పుడు?"

"మొన్న. మెడలో పెంకుండంగనే."

ఆమె మొహం చూస్తే ఎవరైనా నమ్ముతారు. అంత భయం ఆ మొహంలో ఉంది. కుప్పమ్మ పొయ్యిలో కట్టెలు బయటికి లాగి నీళ్ళు చల్లేసింది.

"నేను ముందే సెప్పినా. ఆ ఉసురు మనకొద్దని" అంది మొగుడితో. "ఇది ఊరంతా తెలిస్తే నీ దగ్గరికి వచ్చేదెవరు? ఫారెస్టోళ్ళు తప్ప!"

గంగులప్ప కాసేపు గొణిగినాడు. పొద్దు వాలినాక సంచి భుజాన వేసుకుని గుట్ట వైపు నడిచినాడు. నమ్మకం లేక సుభద్రమ్మ వెంటబడింది. బండల దగ్గర సంచి దులిపితే ఉండ జారిపడి అట్లే ఉండిపోయింది. "నువ్వు నిలబడుంటే అది విప్పుకోదు. రా" అన్నాడు గంగులప్ప. ఆమె వెనక్కి వెనక్కి చూస్తూ దిగి వచ్చింది. అది కదిలిందో లేదో ఆమెకు తెలియలేదు.

పొద్దున్నే తిరుగు బస్సు. పలమనేరు చేరేలోపే మునీరాకు ఫోన్ల మీద ఫోన్లు.

"అక్కా, ప్రీతి ఒళ్ళు వెచ్చగా ఉండాదా?"

"అరె, నా నెత్తిమీద ఎగురుతా ఉండాది. నువ్వొచ్చి తీసుకో పో!"

"సరిగ్గా సెయ్యి పెట్టి సూడక్కా."

"సుబద్రా, ఇంకోసారి ఫోను చేస్తే నీకే జొరం తెప్పిస్తా!"

పుంగనూరు వస్తుందనగా సుభద్రమ్మ కొంగు ముసుగేసుకుని, కిటికీ షట్టరు దించి, నిద్రపోతున్నట్టు తల వాల్చింది. ఆడబిడ్డ బయట "వదినా, వదినా" అని బస్సు పొడుగునా వెతుకుతున్న గొంతు వినబడింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. బస్సు కదిలినాక తెరిచింది. ఇంత బతుకు బతికి దొంగ మాదిరి దాక్కున్నానే అనిపించింది.

దారిలో ఒకటి నిశ్చయించుకుంది. అదే అబద్ధం అందరికీ చెప్పాలి. పెంకు పని చేయలేదంటే ఎవరూ ఇంకోటి కావాలని అడగరు, కారణమూ అడగరు, తన పరువూ మిగులుతుంది.

గఫూర్ అంగడి ముందర ప్రీతి గుడ్డపేలికలతో బొమ్మకు పావడా కడుతోంది. తల్లిని చూసి వచ్చి నడుము పట్టుకుంది. మునీరా మనవరాలిని భుజాన వేసుకుని, "తెచ్చినావా?" అంది.

సుభద్రమ్మ నోరు తెరిచింది. ప్రీతి మొహమెత్తి చూస్తోంది. ఆ పిల్ల ముందర, ఆ పిల్లకు ఫిట్స్ వచ్చినాయని రెండోసారి అనడానికి నోరు రాలేదు.

"తేలేదక్కా. అది రాల్చదు. సంచిలో బతికుండంగా, కాగే నీళ్ళు పోసి ఊడదీస్తారు."

"నెమలి ఈకల మాదిరి రాలుస్తుందని చెప్పినావే?"

"అబద్ధం చెప్పినా."

"తెలిసే చెప్పినావా?"

"తెలుసుకోకుండా చెప్పినా. తెలుసుకుంటే కట్టలేనని తెలుసు."

మునీరా తిట్టినా బాగుండేది. ప్రీతి మెడ వైపు చూసింది. "మరి ఇది?"

గఫూర్ మిషను ఆపి కత్తెర ముందుకు జరిపినాడు. సుభద్రమ్మ అందుకుని దారం కింద పెట్టింది.

"నువ్వే కొయ్యన్నా. నా చెయ్యి ఆడ్డం లేదు."

"నాకెందుకమ్మా ఆ పని" అన్నాడు గఫూర్ మెల్లగా.

కళ్ళు మూసుకుని కోసింది. వెంటనే బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టింది. చల్లగానే ఉంది. తీసి మళ్ళీ పెట్టింది.

వీధి చివర కుళాయికి నీళ్ళొచ్చినాయి. ఆడవాళ్ళు బిందెలతో వరుస కట్టినారు. వాళ్ళలో ఇద్దరి బిడ్డల మెడల్లో ఆమె ఇప్పించిన పెంకులున్నాయి. "బిందె మరిచిపోయినావే సుబద్రా!" అని ఎవరో నవ్వినారు. సుభద్రమ్మ వట్టి చేతులతో పోయి, వాళ్ళకు చెప్పాల్సిన మాట వెతుక్కుంటూ వరుస చివర నిలబడింది.